మా బత్తాయి తోట మీద ఎర్ర చుక్క

ఆలేరు,
ఆగస్టు 2017

ప్రియమైన లీలమ్మ అక్కకు,

పోలీసులను వెంటేసుకుని మీ బత్తాయి తోటలోకి వచ్చి, మీ మొహం మీద మన్ను విసిరిన రోజారమణిని నేను. చింపి పారేయకుండా చదువుతారని ఆశ. ఫోన్ చేద్దామంటే మాట కన్నా ఏడుపు ముందొస్తుంది. అందుకే రాస్తున్నాను.

మా స్నిగ్ధ డిగ్రీ పరీక్ష తప్పిన సంగతి మాకు చెప్పలేక, కాలేజీకని వెళ్లి తిరిగి రాలేదు. వారం తర్వాత వాళ్ల బాపుకు ఒక మెయిల్ వచ్చింది. "నేను మంచిగనే ఉన్న. నా కోసం తిరగకుండ్రి" అని. అది ఎక్కడి కంప్యూటర్ నుంచి వచ్చిందో తెలుసుకోవడానికి పోలీసులు దాని ఇంటర్నెట్ అడ్రసు పట్టుకుని వెతికితే, పటంలో ఎర్ర చుక్క మీ తోట మీద పడింది. చెట్ల వరసలు కూడా కనిపించాయి. నా బిడ్డను మీరే దాచారని నమ్మాను. మీ ఆయన భీమయ్యను జీపెక్కిస్తుంటే సంతోషపడ్డాను కూడా. తోటంతా వెతికినా దాని జాడే లేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

అయినా ఒక్క మాట అడుగుతాను. ఆ పిల్ల ఎప్పుడైనా మీ వైపు కనిపిస్తే తిట్టకండి. ఇంత అన్నం పెట్టి నాకు కబురు చేయండి.

మీ మన్నింపు కోరే
రోజారమణి


చిట్యాల,
సెప్టెంబర్ 2017

ప్రియమైన చెల్లె రోజకు,

నీ ఉత్తరం చింపుదామనే విప్పాను. నువ్వు కొట్టిన మన్నుకు కళ్లు చాలా రోజులు మండాయి. మా ఆయన్ను సాయంత్రం దాకా స్టేషన్‌లో కూర్చోబెట్టి పంపించారు. టీ కొట్టు దగ్గర జనం "ఏం భీమయ్యా, మీ తోటల పిల్లలు గూడ కాస్తున్నరా?" అని నవ్వుతున్నారు. ఆయన ఆ దారిన పోవడమే మానేశాడు.

నీ కన్నా ముందు కూడా మా తోటకు మనుషులొచ్చారు. పోయిన ఏడాది ఒకాయన తన ఫోన్ పోయిందనీ, ఇక్కడే ఉందనీ చెట్టు చెట్టూ తిరిగాడు. తర్వాత ఎవరో ఇద్దరు, కంప్యూటర్‌లో మమ్మల్ని మోసం చేసింది మీరేనని గేటు మీద తన్నారు. మా దగ్గర మోటరు తప్ప ఏ యంత్రమూ లేదంటే నమ్మరే! అందరి శనీ మా నెత్తినే ఎందుకు కూర్చుందో.

కోపం కోపమే, పిల్ల పిల్లే. మా పాత బావిలోకి మనిషిని దింపి వెతికించాను. ఏమీ లేదు, నిమ్మళంగా ఉండు. మోటరు గదికి తాళం వేయడం మానేశాను. పొద్దుగూకే ముందు గిన్నెలో అన్నం పెట్టి వస్తున్నాను. పొద్దున ఖాళీగా ఉంటుంది. కుక్కలు తింటున్నాయంటాడు ఆయన. తింటే తిననీ.

బతుకమ్మ దాటాక ఒకసారి రా. చెట్ల కింద కూర్చుని కడుపునిండా ఏడ్చిపో. మన్ను మాత్రం ముట్టకు.

నీ అక్క అనుకో,
లీలమ్మ


ఆలేరు,
జనవరి 2018

ప్రియమైన అక్కా,

ప్రతి నెలా వచ్చి నీ చేతి అన్నం తిని పోతున్నాను. మా ఆయన రాజేందర్ "మల్ల తోటకేనా? ఆడేమున్నది?" అంటాడు. నేను బస్సెక్కేస్తాను. అక్కడికి వచ్చి వెళ్లాక కొన్నాళ్లు నిద్ర పడుతుంది.

మొన్న బావ నాతో మొదటిసారి మాట్లాడాడు. "బిడ్డ ఏం ఇష్టంగ తింటది?" అని అడిగాడు. పచ్చిపులుసు అన్నాను. మా ఇంట్లో అందరూ "తినేది" అంటున్నారు అక్కా. బావ "తింటది" అన్నాడు. ఆ మాటకే బస్సులో ఇంటిదాకా ఏడ్చాను.

నీ చెల్లె
రోజ


చిట్యాల,
మార్చి 2018

ప్రియమైన రోజకు,

ఈ ఉత్తరం రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. నల్లగొండ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే మా అన్న బిడ్డ పుష్ప వచ్చింది. చుక్క సంగతి అడిగాను.

"అత్తా, ఇంటర్నెట్ అడ్రసంటే ఇంటి నంబరు లెక్క గాదు. ఏ కంపెనీదో, ఏ దిక్కుదో అందాజగ తెలుస్తది, గంతే. జిల్లా తెలిసి ఊరు తెల్వకపోతే, గా లెక్క కట్టేటోళ్లు జిల్లా నడిమిట్ల ఒక చుక్క పెట్టి ఊకుంటరు. గా చుక్క మీ తోటల వడ్డది" అంది.

పాత నల్లగొండ జిల్లాలో కోదాడ నుంచి పంపినా, మీ ఆలేరు నుంచే పంపినా చుక్క మా తోట మీదే పడొచ్చట. ఫోన్ పోయినాయనకూ అదే చుక్క, నీకూ అదే చుక్క. నీ బిడ్డ మా తోటలో అడుగే పెట్టలేదు రోజా. "చెప్పకు, ఆమె ఆశ ఆమెకుండనీ" అన్నాడు మీ బావ. నాకు అన్నం సయించలేదు. నిన్ను ఉత్త చెట్ల కింద కూర్చోబెట్టి చూడటం నావల్ల కాదు. ఇక్కడికొచ్చే రోజు ఇంకెక్కడైనా వెతుకు తల్లీ. నా మీద కోపమొస్తే రానీ.

లీలమ్మ


ఆలేరు,
ఏప్రిల్ 2018

ప్రియమైన అక్కా,

నీ మీద కోపమెందుకు? ఆ చుక్క ఉత్తదని నాకు నీకన్నా ముందే తెలుసు. "అది అందాజ లెక్కమ్మా, ఆ తోట ముచ్చట మర్చిపో" అని పోలీసాయన బతుకమ్మకు ముందే చెప్పాడు. తెలిసే మీ ఇంటికి వచ్చాను.

వెతకడం మానలేదు. ఏ దవాఖాన నుంచి కబురొచ్చినా, రైలు పట్టాల మీద ఎవరో పడ్డారని విన్నా, ఆయనా నేనూ పోయి గుడ్డ తీసి చూస్తాం. మా పిల్ల కాదని ఊపిరి పీల్చుకుంటాను. ఆ వెంటనే అక్కడ పడున్న పిల్ల తల్లి గుర్తొస్తుంది. ఇంట్లో స్నిగ్ధ పేరెత్తితే ఆయన లేచి బయటికి పోతాడు. చుట్టాలు ఫోటోకు దండ వేయమంటున్నారు. నేను వేయను.

పోయిందని తెలిస్తే సమాధి దగ్గరికి పోదును. ఉందని తెలిస్తే ఆ ఊరికి పోదును. ఏదీ తెలియని తల్లి ఎక్కడికి పోవాలి అక్కా? ఇంత భూమి మీద, "నీ బిడ్డ ఇక్కడుంది" అని నాకు ఎవరైనా ఒక్కసారి వేలు పెట్టి చూపించిన జాగా మీ తోట ఒక్కటే.

వచ్చే నెల వస్తాను. రావద్దనకు.

నీ చెల్లె
రోజారమణి