తానే లేచే బండి

నవంబర్ 18
లేచింది! పద్నాలుగు నెలలుగా నా షెడ్‌లో నేలకు కుంగి పడున్న అమెరికా బండి. దిల్‌సుఖ్‌నగర్‌లో మోటారుకు మళ్లీ వైండింగ్ చేయించి బిగించాను. వెనక సీట్లో మూడు సిమెంటు బస్తాలు వేశాను. వెనక భాగం దిగిపోయింది. ఏడు సెకన్లు ఏమీ లేదు... తర్వాత కింద మోటారు గుర్రుమంది, బండి మెల్లగా పైకొచ్చి సమానంగా నిలబడింది. ఏడ్చాను. పేజీకి చెప్పుకోవడానికి సిగ్గెందుకు.

నవంబర్ 19
ఖాజా ఉస్తాద్ బతికుంటే చూసేవాడు. మలక్‌పేటలో నవాబుగారింట్లో ఈ బండి కిందే పడుకోబెట్టి నాకు పని నేర్పాడు. దీనికి మామూలు స్ప్రింగులుండవు. ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పొడవాటి ఉక్కు కడ్డీలు, మెలిపెట్టి బిగించినవి. "ముందు చక్రం గుంతల పడితే ఎనక చక్రానికి ఎరుకైతది బేటా" అనేవాడు. బరువు పడితే మోటారు కడ్డీని ఇంకాస్త మెలిపెట్టి బండిని ఎత్తుతుంది. ప్రతి గుంతకీ ఉలిక్కిపడకుండా ముందు ఏడు సెకన్లు ఆగి చూసుకుంటుంది. ఎవడో ఇంజనీరు కూర్చుని ఇంత ఆలోచించాడు. యుద్ధంలో విమానాలకు ఇంజన్లు చేసిన కంపెనీ అట. ఈ బండి చేసిన కొన్నేళ్లకే మూతపడింది. మంచిగా చేస్తే బతుకుతామని ఎవడన్నాడో.

నవంబర్ 23
నరసింహకు అప్పగించాను. ఎల్బీనగర్‌లో ఫంక్షన్ హాల్ అతనిది. పెళ్లి బరాత్‌ల కోసం నవాబు మనవళ్ల దగ్గర కొన్నాడు. చుట్టూ తిరిగి చూసి, హారన్ బాగుందన్నాడు.
హారన్.

నవంబర్ 27
మొదటి బరాత్. నేనే డ్రైవర్‌ని. పెళ్లికొడుకు, అతని ఇద్దరు మేనమామలు వెనక ఎక్కారు — మామలు ఒక్కొక్కరు క్వింటాలు. కుంగింది. సరిగ్గా బ్యాండు ఆగినప్పుడే గుర్రుమని లేచింది. పెళ్లికూతురు మేనత్త అరిచింది — ఇంజన్ బంద్ ఉంది, బండెట్ల లేస్తున్నది అని. ముగ్గురూ దూకేశారు. బరువు పోయింది కదా, కాసేపటికి అదే మళ్లీ కిందికి దిగింది. అది చూసి మిగతావాళ్లూ పరుగు. గాలి పట్టిన బండి అన్నారు. పెళ్లికొడుకు ఆటోలో వెళ్లాడు. మెట్రో పిల్లర్ల కింద పూలదండల బండిని ఖాళీగా నేనొక్కణ్ణే తోలుకొచ్చాను.

నవంబర్ 28
నరసింహ నిమ్మకాయలు కట్టించాడు. గుమ్మడికాయ కొట్టించాడు. ధైర్యం చేసి తనే ఎక్కి కూర్చున్నాడు. లేచింది. మోటారుకు నిమ్మకాయ సంగతి ఏం తెలుసు.

నవంబర్ 30
మూడు పెళ్లిళ్లవాళ్లు ఈ బండి వద్దన్నారట. మోటారు స్విచ్ ఆపి చూపించాను. మనుషులెక్కాక స్పీడ్ బ్రేకర్ మీద బండి వెనక అడుగుభాగం గీసుకుపోయింది. కాగితం మీద బొమ్మ గీసి చెప్పాను. నరసింహ విన్నాడు, అర్థమైంది కూడా. అదే నా ఖర్మ. "నాకు సమజైంది మిస్త్రీ. పెళ్లికొచ్చిన ఐదొందల మందికి ఎవరు సమజ్ చేస్తరు? కడ్డీలు పీకెయ్. లారీ స్ప్రింగుల కమాన్ పట్టీలు ఏద్దాం."

డిసెంబర్ 1
ఎవరికీ చెప్పనిది. మొదటి బరాత్ రోజు వాళ్లు ఎక్కి బండి కదిలేదాకా ఆ మోటారు స్విచ్ ఆపి ఉంచగలిగేవాణ్ణి. కావాలనే ఆపలేదు. నలుగురూ చూడాలని... చూసి, ఈ పని ఎవరు చేశారని అడగాలని.

డిసెంబర్ 2
చేయనని చెప్పేశాను. ఇంట్లో మా ఆవిడ మేరీ మొహం ముడుచుకుంది. ఇనుము కోసం కయ్యమేంటని మొదలుపెట్టి, చివరికి — "ఇరవై ఏండ్ల సంది నాతోని ఎన్నడన్న గట్ల మాట్లాడినవా, గా బండితోని మాట్లాడినట్టు?"


డిసెంబర్ 4
నరసింహ వెల్డర్ యాదగిరిని మాట్లాడాడు. రేపు పదింటికి కడ్డీలు గ్యాస్‌తో కోసేస్తాడట. ఆ మెలి విప్పకుండా కోస్తే తెగిన కడ్డీ ఎగిరి మనిషిని చంపేస్తుంది. ఫోన్ చేసి చెప్పాను. యాదగిరి నవ్వాడు. "పని నాకొచ్చిందని నీకు మండుతున్నదన్నా." నరసింహకు చేశాను. బండిని కాపాడుకోవడానికి కథలల్లుతున్నావన్నాడు. వాళ్ల స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ణి.
మెలి విప్పడం తెలిసినవాళ్లం ఈ ఊళ్లో ఇద్దరం. ఒకరు మట్టిలో ఉన్నారు.

డిసెంబర్ 5
పొద్దున ఎనిమిది. ప్రార్థనకు కూర్చున్నాను. యాదగిరికి ఏదైనా జరిగితే తప్ప వీళ్లు నమ్మరు అనిపించింది. ఇది రాశాను, కొట్టేయను.
ఆపాలంటే నేనే వెళ్లాలి. బండి కింద పడుకుని ఒక్కో కడ్డీ మెలి నా చేతులతోనే విప్పాలి. ఆ తర్వాత అది ఉట్టి ఇనుము, ఎవడైనా కోసుకోవచ్చు. నా పని నేనే నాశనం చేస్తే యాదగిరి బతుకుతాడు.

ఎనిమిదిన్నర. యాదగిరి ఫోన్. మధ్యాహ్నం వేరే పనుందట, ఇప్పుడే మొదలుపెడుతున్నాడట. జాకీ ఎక్కడ పెట్టాలని అడిగాడు. చెప్పాను.
ఆగమని చెప్పలేదు.
కొత్తపేటలో మా ఇంటి నుంచి ఫంక్షన్ హాల్‌కు పావుగంట దారి. పానాల సంచి భుజానికి తగిలించుకున్నాను. చెప్పులు వేసుకున్నాను. గడపలో నిలబడి ఇది రాస్తున్నాను...