తొమ్మిది సీసాల వరుస

హనుమకొండ,
12 జూన్ 2025

నిగారింపు స్కిన్ కేర్, ఫిర్యాదుల విభాగం, మడికొండ వారికి,

నమస్కారం.

ఇబ్బంది ఉంటే యాప్‌లో రాయమని మీ సీసాల మీద ఉంది. యాప్ తెరిస్తే ఓటీపీ నా భార్య ప్రేమలత నంబరుకు పోతుంది. ఆ నంబరు ఇప్పుడు పనిచేయదు. అందుకే ఉత్తరం.

మా బాత్రూం అలమారలో మీ కంపెనీవి తొమ్మిది సీసాలు ఉన్నాయి. వాటి మీద ప్రేమలత ఒకటి నుంచి తొమ్మిది దాకా తన చేత్తో అంకెలు రాసి అంటించింది. ఫిబ్రవరి తొమ్మిది తర్వాత వాటిని వాడే మనిషి లేదు. పారేయబుద్ధి కాలేదు. ఏప్రిల్ నుంచి రోజూ పొద్దున, అంకెల వరుసలో, తొమ్మిదీ వాడకంలో ఉన్నాయి. నలభై నిమిషాలు పడుతుంది. ప్రేమలత అద్దం ముందు ఐదు నిమిషాలకు మించి నిలబడేది కాదు. ఎలా సాధ్యమో తెలియదు.

ఫలితం: ముఖం ఎర్రబడింది. ముక్కు పక్కన పొక్కులు. గడ్డం గీసిన చోట విపరీతమైన మంట.

సీసాల జాబితా జతచేశాను. వరుసలో తప్పుంటే చెప్పగలరు.

ఇట్లు,
కె. రమాకాంత్
(ఖాతా: కె. ప్రేమలత)

తా.క. ఇంకొక విషయం. నేను వాడే గ్లిజరిన్ సబ్బు, మీది కాదు, ఖాదీ దుకాణంలోది, ఇదివరకు పన్నెండు రోజుల్లో అరిగేది. ఇప్పుడు ఇరవై అయిదు రోజులు వస్తోంది. కారణం తెలియదు. దీనికి మీరు జవాబు ఇవ్వనక్కరలేదు.

---

మడికొండ,
20 జూన్ 2025

గౌరవనీయులైన రమాకాంత్ సర్‌కు, ప్రేమలత మేడమ్‌కు,

నమస్తే సర్, నమస్తే మేడమ్! నా పేరు సుప్రియ. మా ఆఫీసుకు ఉత్తరం రావడం ఇదే మొదటిసారి. ఎవరు తెరవాలో తెలియక రెండు రోజులు టేబుల్ మీదే పెట్టుకున్నాం. క్షమించాలి.

మేడమ్ గారు ఫిబ్రవరిలో వాడకం ఆపేసి, ఏప్రిల్‌లో మళ్లీ మొదలుపెట్టినట్టు అర్థమైంది. తొమ్మిదీ ఒకేసారి ఏ ముఖమూ తట్టుకోదు సర్. మూడో దాంట్లో సెంటు ఉంది, అయిదో దాంట్లో అక్రోటు పెంకుల పొడి, ఆరో దాంట్లో ఆల్కహాల్, ఎనిమిదో దాంట్లో పుదీనా నూనె. ఇవన్నీ చర్మాన్ని గీకేవి, కాల్చేవి. మేడమ్ గారు అన్నీ ఆపేయాలి. వాసన లేనివి మూడు పంపుతున్నాను. ఒకటి కడుక్కోవడానికి, ఒకటి తేమకు, ఒకటి ఎండకు. ముఖానికి ఇంతకు మించి అక్కర లేదు. ఈ మాట నేను చెప్పానని మా మేనేజర్‌కు తెలియనీయకండి.

మంట తగ్గాక పాతవాటిలో ఒక్కొక్కటి చెవి వెనుక చుక్క రాసి నాలుగు రోజులు చూడాలి. పడనిది పక్కన పెట్టాలి. ఆ సబ్బు కూడా ఆపండి. మీరు జవాబు వద్దన్నారు గానీ, స్నానానికి శనగపిండి చాలు, ఇంట్లో ఇద్దరికీ.

మీతో ఓపెన్‌గా ఒక మాట. మేడమ్ గారు గడ్డం గీసుకుంటారని రాశారు. అందులో సిగ్గుపడేది ఏమీ లేదు. హార్మోన్ల వల్ల ఎంతోమందికి వస్తుంది.

మీ చర్మం చల్లగుండాలని కోరుతూ,
సుప్రియ

తా.క. మేడమ్ బాధపడతారనుకుంటే ఈ ఉత్తరం చూపించకండి. మా నెక్కొండలో మా మేనత్తకు కూడా మీసం ఉంది. చాలా ధైర్యంగల మనిషి.

---

హనుమకొండ,
21 జులై 2025

సుప్రియ గారికి,

ముఖం నాది. గడ్డం నాది. మీ మేనత్త గారికి నమస్కారం చెప్పండి.

మీరు చెప్పినట్టే చేశాను. సబ్బు పెట్టెలో పెట్టి మూత వేశాను. శనగపిండితో స్నానం చేస్తున్నాను. ఇల్లు ఊడ్చే కట్టమ్మ వాసన చూసి "బజ్జీలు చేస్తానవా సారూ, ఒక్కనివే తింటానవా?" అని అడిగింది. మంట తగ్గింది. ముప్పై ఏళ్లు ఫిజిక్స్ ప్రాక్టికల్స్ చేయించినవాణ్ణి కనుక చెవి వెనుక పరీక్షను రికార్డు రాశాను.

సీసా 1. రెండో రోజు దురద. వాసన: కాదు.
సీసా 2. మొదటి గంటలోనే మంట. వాసన: కాదు.
సీసా 3. చెవి వాచింది. వాసన: మల్లెపూల లాంటిది. కాదు.

నాలుగోది సాగుతోంది. మంగలి మొగిలయ్య నా చెవి చూసి "ఎవలన్న మెలివెట్టిండ్రా సార్, మల్ల బడికి పోతానవా?" అన్నాడు.

ఒక ప్రశ్న. మీ తొమ్మిదింటిలో తడి కొబ్బరిచిప్ప లాంటి వాసన వచ్చేది ఏది? చెబితే మిగతావి ఆపేస్తాను.

ఇట్లు,
కె. రమాకాంత్

తా.క. మా ఇంటికీ మీ ఆఫీసుకూ మధ్య ఎంతో దూరం లేదు. మీ ఉత్తరం ఆరు రోజులు ప్రయాణం చేసింది. నన్ను ఆఫీసుకు రమ్మనకండి. మాట్లాడటం కన్నా రాయడం నయం.

---

మడికొండ,
29 జులై 2025

రమాకాంత్ సర్ గారికి,

వెయ్యి క్షమాపణలు సర్! మేడమ్ గారికి కూడా చెప్పండి. కాదు కాదు, చెప్పకండి. ఇప్పుడు నాకు మొత్తం అర్థమైంది. మీరు మేడమ్ గారి క్రీములు ఆమెకు తెలియకుండా వాడుతున్నారు. అందుకే యాప్ వద్దు, ఫోన్ వద్దు, ఉత్తరమే కావాలి. మగవాళ్లు చాలామంది ఇట్లనే చేస్తారు సర్, పైకి చెప్పరు. మా అన్న నా ఎండ క్రీము దొంగతనంగా రాసుకొని, వెన్నెలలో కూడా తెల్లగా మెరిసేటోడు.

నా సలహా ఏందంటే మేడమ్‌తో చెప్పేయండి. కోప్పడితే పడనీ. ఇద్దరూ కలిపి ఒకే సెట్ వాడుకోవచ్చు. వచ్చే నెల మేడమ్ గారి పుట్టినరోజని కంప్యూటర్ చూపిస్తోంది. ఆమె పేరున కూపన్ జతచేశాను. మీరే తెచ్చినట్టు ఇవ్వండి.

రికార్డులో "వాసన: కాదు" అని రాశారు. అదేంటో నాకు అర్థం కాలేదు. మా ప్రయోగశాలలో రాజమౌళి సర్‌కు కూడా అర్థం కాలేదు. కొబ్బరి వాసన మా సీసాల్లో దేంట్లోనూ లేదు. వస్తోందంటే సీసా పాడైనట్టే. దయచేసి వాడకండి.

కంగారుగా,
సుప్రియ

తా.క. నాలుగోది కడిగేయండి సర్. దాంట్లో నిమ్మ నూనె ఉంది, ఎండ తగిలితే మచ్చ పడుతుంది. చెవి వెనుక ఎండ తగలదంటారేమో. మీ చెవులు ఎట్లుంటాయో నాకు తెలియదు కదా.

---

హనుమకొండ,
11 ఆగస్టు 2025

సుప్రియ గారికి,

ప్రేమలత కోప్పడదు. కూపన్ వాపసు పంపుతున్నాను.

నాలుగు, అయిదు, ఆరు, ఏడు అయిపోయాయి. నాలుగింటికీ మంట. నాలుగూ కాదు.

మీకు అర్థం కాలేదన్నారు కనుక రాస్తున్నాను. ఆమె చలికాలంలో వేసుకున్న గోధుమరంగు స్వెటర్ కుర్చీ మీద ఉంది. దానికి ఒక వాసన ఉంది. మొదట్లో గుమ్మంలోంచే తెలిసేది. ఇప్పుడు ముఖం దగ్గరగా పెట్టుకుంటే తప్ప తెలియడం లేదు. ఆమె ముఖానికి రాసుకున్నదే దానికి అంటి ఉంటుందని నా ఊహ. ఏ సీసాదో తెలిస్తే అది ఒక్కటీ ఉంచుకుంటాను. ఎనిమిది, తొమ్మిది మిగిలాయి.

సీసాలు పాడైనా సరే, నా దగ్గరే ఉండనివ్వండి.

ఇట్లు,
కె. రమాకాంత్

తా.క. కుడి చెవి వెనుక జాగా అయిపోయింది. ఎడమ చెవికి మారాను.

---

మడికొండ,
18 ఆగస్టు 2025

రమాకాంత్ సర్ గారికి,

మీ ఉత్తరం మీటింగులో చదివాం. సీసాలోంచి క్రీము కారి మేడమ్ గారి స్వెటర్‌కు అంటి, నెలల తరబడి కంపు కొడుతోందని తెలిసి అందరం సిగ్గుపడ్డాం. మీరు ఎంతో మర్యాదగా రాశారు. ఇంకొకరైతే తిట్టేవాళ్లు.

మీరు ఇంకేమీ రాసుకోవద్దు, వాసన చూడొద్దు. బుధవారం మా మనిషి గట్టయ్య వస్తాడు. తొమ్మిది సీసాలూ తీసుకుపోతాడు. స్వెటర్ కూడా ఇవ్వండి సర్, మా ఖర్చుతో మంచిగా డ్రైక్లీనింగ్ చేయించి, వాసన అనేదే లేకుండా తెచ్చి ఇస్తాం. మేడమ్ గారు చూసి మురిసిపోతారు.

మీ సేవలో,
సుప్రియ

తా.క. గట్టయ్య చెప్పిన రోజు రావడం మా కంపెనీలో ఎప్పుడూ జరగలేదు. ఈసారి నేనే దగ్గరుండి బండి ఎక్కిస్తున్నాను.

---

హనుమకొండ,
21 ఆగస్టు 2025

సుప్రియ గారికి,

స్వెటర్ ఉతకవద్దు.

మీ ఉత్తరం ఈరోజు అందింది. గట్టయ్య నిన్ననే వచ్చి వెళ్లాడు. నేను బ్యాంకుకు వెళ్లాను. కట్టమ్మ తొమ్మిది సీసాలూ స్వెటరూ సంచిలో పెట్టి ఇచ్చింది. "కంపెనోళ్లు సార్ రాసిండన్నరు, ఉతుకుతరట" అంది. ఆమె తప్పు లేదు.

మీ నంబరుకు మూడుసార్లు ఫోన్ చేశాను. ఒకటి నొక్కమంది. నొక్కాను. మళ్లీ ఒకటి నొక్కమంది.

ప్రేమలత ఫిబ్రవరి తొమ్మిదిన చనిపోయింది. ఇది మొదటి ఉత్తరంలోనే రాయవలసింది. ఆ వాక్యం ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

స్వెటర్ ఉతకకుండా ఇవ్వండి. సీసాలు ఇవ్వకపోయినా సరే, వాటి మీది అంకెలు ఇవ్వండి.

ఈ ఉత్తరం ఆటో ఎల్లస్వామితో పంపుతున్నాను. జవాబు అతనికే ఇవ్వండి.

రమాకాంత్

---

మడికొండ,
21 ఆగస్టు 2025

సర్,

ఎల్లస్వామి గారు బయట నిలబడ్డారు.

ఉతికేశారు సర్. పొద్దున్నే. నేనే తొందరపెట్టాను. స్వెటర్ ఈ సంచిలోనే ఉంది. దేని వాసనా రావడం లేదు. ఎట్ల క్షమాపణ చెప్పాలో నాకు వస్తలేదు. మీరు రాసిన ప్రతి ఉత్తరం మళ్లీ చదివాను. అన్నీ రాశారు. నేనే ఖాతా చూశాను, మనిషిని చూడలేదు.

ఏం చేయగలనా అని మేడమ్ గారి పాత ఖాతా మొత్తం వెతికాను. ఒక సంగతి తెలిసింది. చెప్పకుండా ఉండలేను. ఆ అంకెలు రాసుకునే వరుస కాదు సర్. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. సీసా పడలేదని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, ఫిర్యాదు నంబరు దాని మీద అంటించి పక్కన పెట్టమంటాం, మా మనిషి వచ్చి తీసుకుపోతాడంటాం. మేడమ్ గారు రెండేళ్లలో తొమ్మిది ఫిర్యాదులు చేశారు. గట్టయ్య ఒక్కసారి కూడా పోలేదు.

మీరు ఏప్రిల్ నుంచి రాసుకున్నవి, ఆమెకు మంట పెట్టిన తొమ్మిదీ సర్. వరుస తప్పకుండా.

అంకెలు చిరగకుండా తీసి కాగితానికి అంటించి పంపుతున్నాను. ఆమె చివరి ఫిర్యాదు కాపీ కూడా పెట్టాను. ఆమె మాటలు మీ దగ్గర ఉండాలి. మొదటి రెండు లైన్లు చదివి ఆపేశాను. మిగతాది నేను చదవవలసింది కాదనిపించింది.

సుప్రియ

---

హనుమకొండ,
25 ఆగస్టు 2025

సుప్రియ గారికి,

అన్నీ అందాయి. మీరు చదవలేదన్నారు కనుక ప్రేమలత ఫిర్యాదు ఇక్కడ రాస్తున్నాను. చదవవచ్చు.

"మీ సీసలు తొమ్మిదికి తొమ్మిది మంటనే. నంబర్లేసి పక్కకు వెట్టుమన్నరు, వెట్టిన. మనిషి వస్తడంటిరి, రాలే. అలమారల జాగ లేదు. ఇగ నాకు మీ క్రీములే వద్దు. మా సారు గ్లిజరిన్ సబ్బు ఉన్నది. దాంతోటే మొఖం కడుగుతాన, దాంతోటే తానం జేస్తాన, స్వెటరు గూడ దాంతోటే పిండుకుంటాన. చల్లగున్నది. ఆయనకు తెల్వదు. సబ్బు జల్ది ఒడుస్తాందని ఆ కంపెనోళ్లను తిడుతాండు. చెప్పకుండ్రి. చెప్తే సబ్బు మీద స్కేలు వెట్టి గీతలు గీస్తడు."

ఆమె ఊహ సరైనదే. కాపీ మీది తేదీ చూస్తే, ఆమె ఇది రాయడానికి ముందు రోజే స్కేలు తీశాను.

సబ్బు పెట్టె రెండు నెలల తర్వాత తెరిచాను. తడి కొబ్బరిచిప్ప. ఇన్నేళ్లు నా ఒంటి మీదే ఉన్నందువల్ల అది సబ్బుదని నాకు తెలియలేదు. రెండు నెలలు ఆపినందువల్ల తెలిసింది. ఆపమన్నది మీరే. కాబట్టి స్వెటర్ విషయంలో మీరు ఇంకేమీ రాయనక్కరలేదు.

సబ్బు రేపర్ మీద నాలుగు పదార్థాల పేర్లు ఉన్నాయి. మీ అయిదో సీసా మీద ముప్పై ఒకటి ఉన్నట్టు గుర్తు. మీ మేనేజర్‌కు చెప్పండి. మీరు పంపిన మూడూ బాగానే ఉన్నాయి. వాటిలో ఎండ క్రీము ఒక్కటీ ఉంచుకుంటాను. మిగతా పనికి సబ్బు చాలు.

స్వెటర్ నిన్న నేనే పిండాను. దండెం మీద ఆరేస్తుంటే కట్టమ్మ గుమ్మంలో నిలబడి ముక్కు ఎగబీల్చింది. "అమ్మ వాసనొస్తాంది సారూ" అంది. చీపురు పక్కన పెట్టి కొంచెంసేపు కూర్చుంది.

ముఖం బాగైంది.

ఉంటాను.
రమాకాంత్

తా.క. సబ్బు ఎందుకు ఎక్కువ రోజులు వస్తోందని మొదటి ఉత్తరంలో అడిగి, జవాబు అక్కరలేదని రాశాను. జవాబు వచ్చింది.