వెనక్కి నడిచిన అడుగులు

ఫిబ్రవరి 9

ఎండిన చెరువు అడుగున ఈరోజు మనిషి అడుగు దొరికింది. బ్రష్‌తో దుమ్ము తీస్తుంటే ముందు మడమ, తర్వాత ఐదు వేళ్ళు.

మా తవ్వకం సైట్ పెద్దాయన్ని అందరం మంచు తాత అంటాం. మంచుయుగం చివర ఉత్తరాన మంచు కరిగి దారిచ్చాకే ఈ ఖండంలోకి మొదటి మనుషులొచ్చారన్నది ఆయన థియరీ. జీవితమంతా దాని మీదే గడిపాడు. అడుగు పడ్డ ఈ మట్టిపొర అంతకంటే పాతదిలా ఉంది. తాత వంగి చాలాసేపు చూశాడు. పొరని చూసి ఎగరకండి, ఎన్నేళ్ళదో ల్యాబ్ నుంచి డేట్ రానివ్వండి అన్నాడు.

ఫిబ్రవరి 11

పక్కనే ఇంకో వరుస. పసివి. ఒక్కోటి నా అరచేతిలో పట్టేస్తుంది.

ఫిబ్రవరి 12, మధ్యాహ్నం

పెద్ద అడుగుల వేళ్ళు ఒడ్డు వైపు, చిన్నవాటివి చెరువు వైపు. పెద్దవాళ్ళు ఒకసారి, పిల్ల ఇంకోసారి నడిచినట్టు రాసుకోమన్నాడు తాత. పాతవే అయినా ఎవరో దారి తప్పిన వేటగాళ్ళవి, వచ్చారు పోయారు, ఇక్కడేం కాపురం పెట్టలేదు అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. పెద్ద అడుగుల్లో మడమ తేలిక, వేళ్ళ దగ్గర లోతు. ముందుకు నడిస్తే అలా పడవు. ఆ బిడ్డ తల్లి వెనక్కి నడిచింది. బిడ్డకి ఎదురుగా వంగి, చేతులు చాపి, రా రా అంటూ. మా పాపకి నేనూ అలాగే నేర్పాను, వంటగది గడప నుంచి వెనక్కి వెనక్కి. నడక వచ్చిన నెలలోనే జ్వరమొచ్చి పోయింది నా చిట్టితల్లి.

దారిన పోయేవాళ్ళకి బిడ్డకి నడక నేర్పే తీరిక ఎక్కడిది? వాళ్ళు ఇక్కడే బతికారు.

ఫిబ్రవరి 13

గాలికి అడుగులు పెళుసవుతున్నాయి. డేట్ తీయాలంటే ఆ కాలం నాటి గడ్డి గింజలు మట్టిలో దొరకాలి. అవి ఉన్నది ఒక్క చోటే. చివరి చిన్న అడుగు కింద, తల్లి చేతికి అందేంత దూరంలో. ఆ మట్టి కోస్తే ఆ అడుగు ఉండదు. కోయకపోతే ఎవరూ నమ్మరు.

ప్లాస్టర్ అచ్చు తీశాంగా, ఇంకేంటి బాధ అంటారు ల్యాబ్ వాళ్ళు. మా పాప పాదం అచ్చు మా ఇంట్లోనూ ఉంది, ఫ్రేము కట్టించి గోడకి.

ఇంటికొస్తే అత్తయ్య నా గోళ్ళలో మట్టి చూసి, ఎన్నాళ్ళమ్మా ఆ మట్టిలో వెతుకుతావు, మన పాప అక్కడ లేదు అంది. చిర్రెత్తుకొచ్చింది. తర్వాత ఇద్దరం కూర్చుని ఏడ్చాం.

ఫిబ్రవరి 15

కోశాను. పరాయి చేతులు వద్దని నేనే కోశాను. కత్తి దిగుతుంటే ఎవరో రా, రా అంటున్నారు. తల తిప్పితే అందరూ నన్నే చూస్తున్నారు. అంటున్నది నేనే.

ఏప్రిల్ 2

రిజల్ట్ వచ్చింది. మంచు కరగడానికి వేల ఏళ్ళ ముందటివి. తాత పడీ పడీ నవ్వాడు. నడక కూడా సరిగా రాని పిల్ల నా థియరీని ఒక్క తన్ను తన్నిందమ్మా అన్నాడు. ఆ తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు.

అంతా కేకులు, ఫోన్లు. నాకు కళ్ళు మూసినా తెరిచినా ఆవిడే. ఖాళీ గుంటకి ఎదురుగా చేతులు చాపి నిలబడి ఉంది. బిడ్డని తీసేసింది నేను.

ఏప్రిల్ 9

గొయ్యి పూడ్చేశాం. పూడ్చేముందు అడుగున ఒక కొత్త నాణెం వేస్తాం, మేం ఇక్కడిదాకా వచ్చామని ఎప్పుడో తవ్వేవాళ్ళకి తెలియడానికి. తాత జేబులోంచి తీశాడు. వద్దన్నాను. నా సంచిలోంచి మా పాప చెప్పు తీసి, నేను కోసిన ఆ గుంటలో పెట్టాను, ఆవిడ అడుగుల వైపు తిప్పి. తాత నాణెం జేబులో వేసుకుని, ఇసుక పోయండి అన్నాడు.