కుర్చీ అంచు

రాజోలు, 1983

నాన్నగారూ,

ఛాతీలో నొప్పిగా ఉంటే ఇవాళ అమలాపురంలో డాక్టరుగారికి చూపించుకున్నాను.

"మీ ఇంట్లో ఎవరైనా గుండెజబ్బుతో పోయేరాండీ?" అని అడిగారు.

మీ గురించి చెప్పాను. పాలేరు కొడుకునన్న బెరుకు హెడ్మాస్టరయ్యాక కూడా మిమ్మల్ని వదల్లేదు. కామందులు కుర్చీ వేసినా, ఎవరైనా వస్తే వెంటనే లేవడానికి వీలుగా అంచునే కూర్చునేవారు. వాళ్లెంత మాటన్నా "ఆయ్, అలాగేనండీ" అని నవ్వేసి, ఇంటికొచ్చి గుండెలు రుద్దుకునేవారు.

"అన్నీ లోపలే అణుచుకునేవాళ్ల గుండె త్వరగా అలిసిపోతుందండీ" అన్నారు డాక్టరుగారు. నన్ను పరీక్షగా చూసి, "ముందు మీరు వెనక్కి ఆనుకుని కూర్చోండమ్మా" అన్నారు.

అప్పుడు చూసుకున్నాను. నేనూ అంచునే ఉన్నాను.

ఆనుకున్నాను. అంతలో గుమ్మం దగ్గర ఎవరివో చెప్పుల చప్పుడైంది. నేను లేవలేదు, నాన్నగారూ.