మహిత పెళ్లి మాట ఇవ్వద్దు

బావా,

అత్తను స్కానింగుకు తిరుపతి తీసుకుపోతున్నాను. పప్పు అడుగంటింది, పైపైన వేసుకో. సాయంత్రం సత్యవేడు నుంచి మా అన్న, నాయన వస్తారు. మన మహితను అన్న కొడుకు కిరణ్‌కు అడగడానికే. కాఫీ ఇవ్వు, మాట మాత్రం ఇవ్వద్దు. తాంబూలం అందుకోవద్దు.

కోపం తెచ్చుకోవద్దు. అత్తది ఒట్టి మతిమరుపు కాదు, అల్జీమర్స్ అనే జబ్బు కావచ్చని మొన్న డాక్టరు అన్నాడు. వయసు మీద పడితే ఎవరికైనా రావచ్చంట. ఇంట్లో ఒకరికి ఉంటే తోబుట్టువులకు, బిడ్డలకు భయం కొంచెం ఎక్కువంట. ఇంకెవరికైనా ఉండిందా అని అడిగితే, తాత చివరికి మన ముఖాలే గుర్తుపట్టలేదని చెప్పినాను.

"ఎవరికి తాత? మీకా, మీ ఆయనకా?" అన్నాడు.

"ఇద్దురికీ ఆయనే సార్. ఈమె మా నాయనకు అక్క."

"వచ్చే తీరుతుందని కాదమ్మా" అన్నాడు గానీ, నీకూ నాకూ ఒకటే రక్తం. మహితకు రెండు పక్కల నుంచీ అదే. మళ్లీ ఆ ఇంటికే బిడ్డనిస్తే ఎట్లా? స్కాను చూసినాక డాక్టరునే అడిగి వస్తాను. అంతవరకు ఆగు.

మునిలక్ష్మి

బస్టాండుకు నువ్వే ఎదురుపో. పోయినసారి నాయన మన వీధిలోకి వచ్చి కూడా ఇల్లు కనుక్కోలేక తిరిగినాడు. "ఎండకు తల తిరిగిందిలేమ్మా" అన్నాడు. నేను నమ్మినాను.