భద్రయ్య చుట్టిన తాళ్లు, అన్నయ్య అంటించిన చుట్టలు

సింగపూర్, సెరంగూన్ కాపురస్థురాలు అరుంధతి అనే నేను, వయసు యాభై మూడు, వచ్చే వారం గుండె ఆపరేషన్‌కు వెళ్లబోతూ, ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి తెలివితో ఇది రాస్తున్నాను. కోపంగా కూడా ఉన్నాను. కోపం వచ్చినంతమాత్రాన మతి పోయినట్టు కాదు, కోర్టువారు గమనించగలరు. ఇంతకుముందు రాసిన వీలునామాలన్నీ రద్దు.

1. ఫ్లాటు, పుస్తకాలు నా కూతురు మహతికి. ఈ వీలునామా అమలు చేయవలసిందీ తనే. "అంత కోపం దేనికి లా, అమ్మా? ఇట్స్ జస్ట్ ఎ బోట్" అంది నిన్న, సింగపూర్ యాసలో. అందుకే కింది సంగతులు వివరంగా రాయాల్సి వస్తోంది.

2. మూడడుగుల కోరంగి తెరచాప ఓడ నమూనా క్రాంజీలో వలస కార్మికుల డార్మిటరీలో ఉండే భద్రయ్యకు చెందాలి. చెక్కపని నాది. తాళ్లపని మొత్తం అతనిది. ఆరు రోజులు షిప్‌యార్డులో అసలు తాళ్లు లాగి, ఏడో రోజు నా బల్ల దగ్గర దారం చుట్టాడు, రెండేళ్లపాటు. దారాన్ని తేనెమైనం మీద మూడుసార్లు లాగేవాడు. పురి తిరిగిన వైపే చుట్టేవాడు. ఎదురు చుడితే మెలికపడుతుంది. దారానికి బరువుండదు గనక, నీళ్లు కలిపిన జిగురు అద్ది, చుట్ట కింది మడతకు చిన్న క్లిప్పు తగిలించి ఆరబెట్టేవాడు. అప్పుడది నిజం తాడులా బరువుగా వేలాడుతుంది.

3. మా అన్నయ్య జనార్ధనరావు, మా కాండో అపార్ట్‌మెంట్ల తెలుగు మిత్రబృందం అధ్యక్షుడు. బృందం పెట్టిన ప్రదర్శనకు ముందు ఓడను తీసుకెళ్లి, "నీట్‌గా లేవమ్మా" అని ఆ తాళ్ల చుట్టలన్నీ కత్తిరించేశాడు. వాటి చోట జంతికల్లాంటి చుట్టలు ఇన్‌స్టంట్ గ్లూతో కదలకుండా అంటించాడు. కింద అట్ట మీద "నిర్మాణం అరుంధతి, సమర్పణ జనార్ధనరావు" అని రాయించాడు. భద్రయ్య వచ్చి చూశాడు. "తాడు అంటుకుపోతే ఈ ఓడకి సాప దిగదమ్మా. గాలొస్తే ఏటవుద్ది?" అన్నాడు. "గాజుపెట్టెలో గాలేంటయ్యా!" అని అన్నయ్య నవ్వాడు. ఇతనెవరని ఎవరో ఆంటీ అడిగింది. శ్రమ దోపిడీ మీద ముప్పై వ్యాసాలు అచ్చేసిన నేను, "సాయానికి వస్తుంటాడు" అన్నాను. ఈ కోపంలో సగం వాటా నాకే రాసుకుంటున్నాను.

4. డార్మిటరీలో ఓడ పెట్టుకునే చోటు లేదు. అతను ఊరెళ్లేదాకా మహతి దాచి, తర్వాత అతని ఊరు భావనపాడు చేర్చాలి. గ్లూ గీకి మళ్లీ కడతాడో, సముద్రంలో వదిలేస్తాడో, అతనిష్టం. సలహాలివ్వవద్దు. తేనెమైనం ముద్ద మాత్రం నీకే, మహతీ. ఫోన్ పక్కన పెట్టి ఒక్క తాడు చుట్టి చూడు.

5. సాక్షి సంతకం తానే పెడతానని భద్రయ్య ముచ్చటపడ్డాడు. సాక్షిగా సంతకం చేసినవాడికి ఆ వీలునామా కింద ఏదీ దక్కదని ఇక్కడి చట్టం. వద్దని చెప్పి, ఆ చోటికి, ఇందులో ఏమీ దక్కని అన్నయ్యను పిలిచాను. సాక్షి ఇందులో ఏముందో చదవనక్కర్లేదు; నేను సంతకం చేస్తుంటే చూస్తే చాలు. "పేరు కింద అధ్యక్షుడని కూడా రాయనా?" అని ఫోన్లోనే అడిగాడు. రాయమన్నాను.

14 జూన్ 2025, సింగపూర్

(సంతకం) అరుంధతి

సాక్షులు:
కాత్యాయని, పక్క ఫ్లాటు
జనార్ధనరావు, అధ్యక్షులు