పవళం కంటి కింది సుడి

పీలమేడు
11-3-1957, సోమవారం

అత్తగారు లక్ష్మమ్మాళ్ గారికి అల్లుడు గోవిందరాజన్ నమస్కారాలు.

ఇక్కడ నా ఒంటికి ఏ జబ్బూ లేదు. వేళకు తింటున్నాను. మీరూ వల్లీ అక్కడ బాగున్నారని మీ ఉత్తరం వల్ల తెలిసింది.

కవరు విప్పగానే మీకు వింతగా తోచి ఉంటుంది. ఎప్పుడూ అరవంలో రాసేవాణ్ని. వల్లి చదివి మీకు వినిపించేది. ఈసారి తెలుగులో రాస్తున్నాను. ఇంట్లో మాట్లాడుకునే భాషే అయినా దాని అక్షరాలు వల్లికి రావు. మీకు మీ నాన్నగారు ఇసుకలో దిద్దించారు. నాకు మద్రాసులో ఇంజినీరింగు చదివే రోజుల్లో హాస్టలు గదిలో ఉన్న గుంటూరు స్నేహితుడు నేర్పాడు. ఇది మీరొక్కరే చదవాలి. వల్లి అడిగితే ఏవో మిల్లు సంగతులని చెప్పండి. గురువారం నేనే వస్తున్నాను. అప్పటిదాకా ఆ మాట చాలు.

పోయిన ఉత్తరంలో మీరు నాలుగు అడిగారు. మోకాళ్ల నూనె కొన్నాను, వచ్చేటప్పుడు తెస్తాను. మీ తమ్ముడి కూతురి సంబంధం మాట వద్దు అత్తా. ఆ అమ్మాయికి మంచి చోటు చూడండి. మూడోది, నేను ఈ గుర్రాల పనిలో ఎందుకు దిగాను, ఆ గుర్రం కూడా వాటిలో ఉందా అని. నాలుగోది, సిరుమలై కొండ నుంచి నిమ్మకాయల మూటలతో గుర్రాలు దిగినప్పుడల్లా వల్లి గదిలోకి పోయి గడియ వేసుకుంటోందని, "అమ్మను చంపిన గుర్రం ఇంకా బతికే ఉందా అవ్వా" అని అడిగిందని, దానికి ఏమి చెప్పాలని.

ఆ నాలుగోది చదివాక మీ ఉత్తరం వారం రోజులు జేబులోనే ఉంది. చివరి రెండింటికీ జవాబు ఒకటే. జరిగింది జరిగినట్టు రాస్తాను.

టౌను బస్సులు పెరిగాక ఇక్కడ జట్కా ఎక్కేవాళ్లు తగ్గిపోయారు. మేత వేయలేక బండివాళ్లు గుర్రాలను రోడ్డు మీద వదిలేస్తున్నారు. మా మిల్లు భాగస్తుల్లో ఒకరి భార్య పొన్నమ్మాళ్ గారు మీకు తెలుసు. భర్త పోయాక ఆమె ఆనైకట్టి దారిలో తన తోటలో మూడెకరాలు ఆ గుర్రాలకు ఇచ్చారు. లాయం కట్టడం పోయిన నెలలో అయింది. పక్కనే ఒక లాడ్జి కట్టి, ఊటీ నుంచి దిగేవాళ్లకూ కొండ చూడవచ్చేవాళ్లకూ గదులిచ్చి, ఆ బాడుగతో గుర్రాలను సాకాలని ఆమె ఆలోచన. రెండింటికీ ప్లాను గీయమని నన్ను అడిగారు.

లాడ్జికి నేను గీసిన మొదటి ప్లాను చూసి ఆమె కళ్లజోడు తీశారు.

"ఏమప్పా ఇది? సైరను ఒకటి పెట్టేస్తే షిఫ్టుకు పనాళ్లు వచ్చేస్తారే!"

నిజమే. పదేళ్లుగా మిల్లు షెడ్లు తప్ప ఏమీ గీయలేదు.

"కొండకు వచ్చేవాళ్లకు కొండలో ఇల్లుగా ఉండాల. మనుసులు కూచునే చోటు గీయి, పో" అన్నారు.

మళ్లీ గీశాను. చెక్కని రాతి గోడలు, చిత్రిక పట్టని తాటి దూలాలు, నాటు పెంకు, పొడవాటి వసారా. వసారాలో కూర్చుంటే ఎదురుగా గుర్రాలు మేత మేస్తూ కనబడాలి. వడ్రంగి అలిగాడు. "చిత్రిక పట్టొద్దంటే నేనెందుకు సామి? కోతిని పిలిచుండచ్చే!" అన్నాడు. వసారా అరుగు ఎత్తు మామూలుగా పద్దెనిమిది అంగుళాలు వేస్తారు. నేను పదిహేను వేశాను. ఎందుకని ఎవరూ అడగలేదు. మన భాగ్యం కూర్చుంటే కాళ్లు నేలకు అందేది పదిహేనుకే.

ఇంకొకటి కూడా అప్పుడు చేశాను. గుర్రాలు పన్నెండు ఉంటే లాయంలో పదకొండు గదులే గీశాను. "ఒకటి తక్కువ పడిందే" అని పొన్నమ్మాళ్ గారు అడిగారు. పక్కన నీళ్ల వంక ఉంది, చోటు చాలదన్నాను. వంక ఇరవై అడుగుల అవతల ఉంది. ఆ పన్నెండోది జట్కా మునియాండి గుర్రం. మీరు అడిగిన గుర్రమే. అది ఉంది అత్తా. దాని పేరు పవళం.

మొన్న శనివారం సాయంత్రం నాలుగింటికి మిల్లు క్లబ్బు మైదానంలో విరాళాల సభ జరిగింది. అట్టతోనూ విరిగిన నూలు బాబిన్ల చెక్కతోనూ నేను చేసిన లాడ్జి నమూనాను వేదిక మీద పెట్టారు. ఆడవాళ్లు వచ్చి వంగి చూశారు.

"వంటిల్లు ఎక్కడుండాది?" అని ఒకావిడ అడిగారు.

"వెనకాల ఉందండి."

"ఎనకాలనే పెడతారు, మొగోళ్లు!"

అందరూ నవ్వారు. తరువాత గుర్రాలను ఒక్కొక్కటిగా నడిపించుకొచ్చారు. ఏ ఇంటివాళ్లు దండ వేస్తే ఆ గుర్రం ఏడాది మేత ఆ ఇంటిది. పదకొండింటికీ దండలు పడ్డాయి. చివరగా పవళం వచ్చింది. పక్కటెముకలు బయటికి కనబడుతున్నాయి. మునియాండి దాని ముఖం కడిగి నుదుట పసుపు రాశాడు. తలగుడ్డ విప్పి చంకలో పెట్టుకుని కళ్లెం పట్టుకున్నాడు.

ఎవరూ లేవలేదు. ముందు వరసలో ఒకావిడ పక్కావిడతో అన్నది నాకు వినబడింది.

"అది వద్దక్కా. కంటి కింద సుడి ఉండాది. ఇంటి ఆడదాన్ని తినే సుడి అని వాడిపట్టి లక్ష్మమ్మాళే చూసి చెప్పింది. ఆమె కూతుర్నే తినేసింది కదా!"

"అయ్యో పావం" అంటూ ఆ రెండో ఆవిడ చంటిబిడ్డ ముఖం మీదికి కొంగు లాగింది.

పొన్నమ్మాళ్ గారు మైకు ముందు "ఇంకెవరన్నా?" అని మూడుసార్లు అడిగారు. మూడోసారి నా వైపు తిరిగి అడిగారు. నా ముందు బల్ల మీద ఒక దండ మిగిలి ఉంది. నేను నమూనా పైకప్పు సర్దుతూ నిలబడ్డాను.

"సరి, పక్కన నిలబెట్టు" అన్నారామె మునియాండితో.

దానికి లాయంలో గది లేదు, సాకే ఇల్లు లేదు. రోడ్డు మీద ఆకలితో పడి చావడం కన్నా నయమని, వచ్చే శుక్రవారం పశువుల డాక్టరు చేత సూది వేయించాలని నిర్ణయించారు.

నిన్న మునియాండి ఇంటికి వెళ్లాను. భాగ్యం పోయాక ఈ పదహారు నెలల్లో అదే మొదటిసారి. అతను ఇప్పుడు గోడౌనులో పత్తి మూటలు మోస్తున్నాడు. భార్య ఇరుళాయి పేడ ఎత్తుతోంది. నన్ను చూసి చేతులు కడుక్కుని మంచం వాల్చింది.

"ఇంటి ఆడదాన్ని తింటుందంటారే సామి, పన్నెండేండ్లుగా దీనికి గడ్డి వేసేది నేనే. నన్ను తినలేదే?" అంది.

"తినుంటే నాకు నిమ్మదిగా ఉండేదే" అన్నాడు మునియాండి.

ఆమె చేతిలో గడ్డి అతని మీదికి విసిరింది. ఇద్దరూ నవ్వారు. నేను తలవంచుకుని అడిగాను.

"మునియాండీ, ఆ రోజు నువ్వెందుకు నోరు తెరవలేదు?"

అతను పవళం మెడతాడు విప్పి, మళ్లీ కట్టాడు.

"మీ ముందర పీనుగ ఉండె సామి. అప్పుడు నోరు తెరిస్తే నేను మనిసినా? మీరే చెబుతారని చూస్తిని. పదహారో దినం కర్మం కానీ అంటిని. నెల కానీ అంటిని. అంతలో ఎవురూ బండి ఎక్కలేదు. ఆపైన నేను చెప్పితే ఎవురు నమ్ముతారు?"

అతను మీకు చెప్పనిది ఇది.

ఆ రోజు పొద్దున పదిన్నరకు భాగ్యానికి నొప్పి మొదలైంది. ఏడో నెల. వల్లి బడికి వెళ్లింది. మునియాండిని పిలిస్తే వెంటనే బండి తెచ్చాడు. పవళం బాగా పరుగెత్తింది. మిల్లు గేటు ముందు బండి ఆపించింది నేను. ఆ రోజు బాయిలర్ ఇన్‌స్పెక్టరు వచ్చారు. ప్లానులున్న బీరువా తాళంచెవి నా దగ్గర ఉండిపోయింది. ఇచ్చేసి వస్తానని దిగాను. "అయిదు నిమిషాలు" అన్నాను. భాగ్యం సరేనంది.

లోపల మేనేజరు నన్ను వదల్లేదు. ఇన్‌స్పెక్టరు ఒక్కొక్కటే అడిగారు, నేను చెబుతూ పోయాను. చక్కగా చెప్పాను. వాచ్‌మన్ వచ్చి బండివాడు పిలుస్తున్నాడన్నాడు. వస్తున్నానని చెప్పమన్నాను. కాసేపటికి మళ్లీ వచ్చాడు. మళ్లీ అదే చెప్పి పంపాను. బయటికి వచ్చేసరికి నలభై నిమిషాలు అయింది. బండిలో పరిచిన గోనె తడిసిపోయి ఉంది. మునియాండి నా ముఖం చూడలేదు. భాగ్యం ఒక్కటే అడిగింది.

"అయిందా పని?"

అయిందన్నాను.

పవళం ఎక్కడా ఆగలేదు. నురగలు కక్కుతూ ఆస్పత్రి మెట్ల దాకా వచ్చింది. లేడీ డాక్టరు "ఒక అరగంట ముందు" అని మొదలుపెట్టి, నన్ను చూసి ఆపేశారు.

ట్రంక్ కాల్ అందగానే మీరు టాక్సీ పెట్టుకుని పొద్దు గూకే వేళకు వచ్చారు. భాగ్యాన్ని నడవలో పడుకోబెట్టారు. మునియాండి బండి ఇంకా వాకిట్లోనే ఉంది. మీరు నా చెయ్యి పట్టుకుని "ఇంత ఆలస్యం ఎట్ల అయింది నాయనా?" అన్నారు.

"గుర్రం కదల్లేదు" అన్నాను.

ముందుగా అనుకుని చెప్పిన మాట కాదు. కాని చెప్పాక వెనక్కి తీసుకోలేదు. మీరు లేచి వాకిట్లోకి వెళ్లారు. గుర్రం ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని దీపం తెమ్మన్నారు. ఎడమ కంటి కింద సుడి కనబడింది. మీకు తెలిసింది మీరు చెప్పారు. చుట్టూ ఉన్నవాళ్లంతా విన్నారు. వల్లి మీ చీర పట్టుకుని ఉంది. నేను గడపలో నిలబడి విన్నాను.

మీకు సుడులు తెలియవని నేను అనను. వాడిపట్టి చుట్టుపక్కల మీకు చూపించకుండా ఎవరూ గుర్రాన్ని కొనరు, ఎద్దును కొనరు. కాని ఆ రోజు మీరు నా మాట నమ్మి దాని ముఖం చూశారు. ఆ మాట అబద్ధం.

ఇవాళ పొద్దున పొన్నమ్మాళ్ గారికి ఇదంతా చెప్పాను. గుర్రాన్ని నేను తీసుకుపోతానన్నాను.

"ఎక్కడికి? మిల్లు క్వార్టర్సులో గుర్రం కట్టనిస్తారా? కట్టనిచ్చినా నీ బిడ్డ సెలవులకు ఆ ఇంటికి వస్తుందా? నేను ఉంచుకుంటే లాడ్జికి ఎవరు వస్తారు? అది మీ అత్త నోటి మాట. ఆమే వెనక్కి తీయాల." లేచి లోపలికి పోతూ అన్నారు, "శుక్రవారం మధ్యాహ్నం దాకా డాక్టరును ఆపుతాను. ఆపైన నా దగ్గరికి రావద్దు."

పన్నెండో గది ప్లాను గీశాను. తొమ్మిది అడుగులు చాలు. స్తంభాలకు గుంటలు రేపు మునియాండీ నేనూ తవ్వుతాం. ఆ గదికి గుర్రం ఉంటుందో లేదో తెలియదు.

గురువారం మధ్యాహ్నానికి మదురై బస్సులో వచ్చి వాడిపట్టిలో దిగుతాను. మీరు ఒప్పుకుంటే సాయంత్రం బస్సుకు మనం బయలుదేరితే వేళకు చేరుకుంటాం. నన్ను క్షమించమని అడగడానికి రావడం లేదు. మీరు వచ్చి పవళం ముఖం మళ్లీ ఒకసారి చేతుల్లోకి తీసుకుని చూడండి. ఇప్పుడు మీకు నిజం తెలుసు. చూశాక కూడా అదే మాట అంటే, సూది వేసేటప్పుడు కళ్లెం నేను పట్టుకుంటాను. మునియాండి చేత పట్టించను.

మీరు రానన్నా, వల్లికి మాత్రం నేను చెబుతాను. మీ ముందే చెబుతాను. అమ్మను బండిలో కూర్చోబెట్టి నాన్న దిగి వెళ్లాడని. గుర్రం ఆగమంటే ఆగిందని, పొమ్మంటే పోయిందని. విన్నాక వల్లి నన్ను చూసి గడియ వేసుకుంటే వేసుకోనివ్వండి, బలవంతం చేయకండి. కొండ గుర్రాలు దిగినప్పుడు తలుపు తీసి ఉంటే చాలు.

మీరు పిలిచేదాకా వాకిట్లోనే ఉంటాను.

ఇట్లు,
ఇప్పటిదాకా మీరు నమ్మిన అల్లుడు,
గోవిందరాజన్